పసుపు చుక్క కేసు

(గ్రంథాలయ వారోత్సవాల్లో, కావలిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పది రోజుల కిందట లైబ్రేరియన్ గారు ఫోన్ చేసి, "డిటెక్టివ్ నవలలు ఆడవాళ్ళు ఎట్టా చదువుతారు, మగవాళ్ళు ఎట్టా చదువుతారు, ఓ అరగంట మాట్లాడండి" అన్నారు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ అడిగింది: "మగాళ్ళ సంగతి మీరు చెప్తారు, బాగానే ఉంది. ఆడవాళ్ళ సంగతి ఎవరు చెప్తారు?" అందుకే ఆమెను వెంటబెట్టుకొచ్చాను. రెండో వరసలో కూర్చుంది. నేను ఎక్కడైనా తప్పు చెబితే ఆమె మొహం చూడండి, మీకే తెలిసిపోతుంది.

నేను పండితుణ్ణి కాను. ఈ ఊళ్ళో ఇరవై ఏళ్ళకు పైగా అద్దె పుస్తకాల షాపు నడిపినవాణ్ణి. రోజుకు పావలా అద్దె. తర్వాత అర్ధరూపాయి అయింది, రూపాయి అయింది, ఆ తర్వాత ఇళ్ళల్లోకి టీవీ సీరియళ్ళు వచ్చాయి, షాపు షట్టర్ దిగింది. పుస్తకం రాగానే విప్పి, మళ్ళీ దారంతో కుట్టి, మైదా జిగురు పెట్టి, ఖాకీ అట్ట వేసి నంబర్ రాసేవాణ్ణి. డిటెక్టివ్ నవలలకైతే చివరి ఫారానికి ఇంకో రెండు కుట్లు ఎక్కువ పడేవి. ఎందుకంటే చిరిగేది అదే. చివరి పేజీ లేని డిటెక్టివ్ నవల అద్దెకిచ్చిన పాపానికి నన్ను ఒకాయన బస్టాండులో చొక్కా పట్టుకుని ఆపాడు. "హంతకుడెవరో చెప్పి కదులు" అన్నాడు. నేనా పుస్తకం చదవలేదు. అప్పటికి నోటికొచ్చిన పేరు చెప్పి బయటపడ్డాను.

మగవాళ్ళు పుస్తకం తిరిగిస్తూ అనే మాట ఒకటుంది. నూటికి తొంభై మంది అదే అంటారు. "నాకు ముందే తెలుసు." కథ బాగుందా అంటే చెప్పరు, భాష బాగుందా అంటే చెప్పరు. ఎన్నో పేజీలో పట్టుకున్నాడో అది చెబుతాడు. వాడికది పరీక్ష. రచయితకీ తనకీ కుస్తీ. కొమ్మూరి సాంబశివరావు గారి నవలల్లోని డిటెక్టివ్ యుగంధర్ కంటే తానే ముందు కనిపెట్టేశానని చెప్పుకోవాలి. లేకపోతే ఆ పావలా దండగ.

ఆడవాళ్ళు తిరిగిచ్చేటప్పుడు మాట వేరుగా ఉండేది. "ఆ చిన్నకోడలు పాపం, ఆ ఇంట్లో ఎట్టా నెట్టుకొచ్చిందో!" అనేవారు. నవలలో కోడలు హంతకురాలు కాదు, హతురాలు కాదు. మధ్యలో ఒకచోట కాఫీ ఇచ్చి పోతుంది, అంతే. ఈవిడకు ఆ కాఫీ ఇచ్చిన చెయ్యి గుర్తుంది.

ఇది పుస్తకాలతో పోయే తేడా కాదు. ఇద్దరం కలిసి ఒకే పెళ్ళికి వెళ్ళి వస్తాం. ఎట్టా జరిగిందని ఎవరైనా అడిగితే నేను చెప్పేది, "బాగా జరిగింది, భోజనాలు బాగున్నాయి." అక్కడితో నా రిపోర్టు అయిపోయింది. అదే ప్రశ్న ఆమెను అడగండి. పెళ్ళికూతురి మేనమామకూ తండ్రికీ మాటల్లేవు, పట్టుచీరె అంచు కుట్టు విప్పి మళ్ళీ కుట్టారు కాబట్టి అది కొత్తది కాదు, పెద్దల్లుడు రెండో బంతిలో కూర్చున్నాడంటే మర్యాదలో ఎక్కడో లోటు జరిగింది. పూర్తి పంచనామా! అదే మనిషిని చీకట్లో నాలుగు రోడ్ల కూడలిలో నిలబెట్టి ఉత్తరం ఎటో అడగండి. చూశారా, మొహం చూశారా? సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఉత్తరం నాకు తెలుసు గాని, మా ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో నాకు ఇవాళ్టికీ తెలీదు. కళ్ళ ముందే ఉంటుందట.

ఇంగ్లీషు వాళ్ళ దగ్గరా ఇదే కనబడుతుంది. కానన్ డాయిల్ సృష్టించిన షెర్లాక్ హోమ్స్ 1887లో వచ్చాడు. భూతద్దం, సిగరెట్ బూడిద, బురదలో అడుగుల కొలతలు. అంతా కొలిచి చెప్పే మనిషి. అంతటివాణ్ణీ 1891లో వచ్చిన ఒక కథలో ఐరీన్ ఆడ్లర్ అనే ఆవిడ బోల్తా కొట్టించింది. మగవేషం వేసుకుని, వాళ్ళ వీధిలోనే, ఆయన పక్కనుంచే "గుడ్ నైట్" చెప్పి మరీ వెళ్ళింది. ఈ గొంతు ఎక్కడో విన్నానే అనుకున్నాడు తప్ప పోల్చుకోలేకపోయాడు మహానుభావుడు. తర్వాత అగాథా క్రిస్టీ వచ్చింది. ఆవిడ మిస్ మార్పుల్ అనే ముసలమ్మను పెట్టింది. ఆ ముసలమ్మ చేతిలో భూతద్దం లేదు, ఊలు అల్లే సూదులున్నాయి. ఎక్కడ హత్య జరిగినా, "మా ఊళ్ళో ఫలానా పిల్లాడు కూడా ఇట్టాగే నంగనాచిలా ఉండేవాడు" అంటుంది. ఊళ్ళోవాళ్ళ బుద్ధులన్నీ ఆమెకు కంఠతా. కేసు అక్కడే తేలిపోతుంది. మన అరుగుల మీద సాయంత్రం పూట కూర్చునే ముసలమ్మలను గుర్తు చేసుకోండి. వాళ్ళకు పోలీసు టోపీ ఒక్కటే తక్కువ.

క్రిస్టీ విషాల గురించి అంత కచ్చితంగా ఎట్టా రాసిందంటే, మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది. ఏ మందు ఎంత మోతాదు దాటితే మనిషి పోతాడో అక్కడే నేర్చుకుంది. ఆవిడ జీవితంలో కూడా ఒక కేసుంది, అది చెప్పకుండా ఉండలేను. 1926 డిసెంబర్ 3 రాత్రి కారు వేసుకుని ఇంట్లోంచి వెళ్ళింది. మర్నాడు కారు ఒక కొండవాలు దగ్గర దొరికింది, మనిషి లేదు. అంతకుముందే మొగుడు ఇంకో అమ్మాయి పేరు చెప్పి విడాకులు అడిగాడు. పోలీసులు, వందల మంది జనం, విమానాలు కూడా వెతికాయి. ఇందులో తమాషా ఏమిటంటే, షెర్లాక్ హోమ్స్‌ను పుట్టించిన డాయిల్ గారు ఏం చేశారో తెలుసా? ఆవిడ చేతి గ్లౌజు ఒకటి తీసుకుని, ఆత్మలతో మాట్లాడే మనిషి దగ్గరకు పంపారు. భూతద్దం ఏమైపోయిందో! పదకొండు రోజుల తర్వాత ఆవిడ హారోగేట్ అనే ఊళ్ళో ఒక హోటల్లో హాయిగా కనబడింది. రిజిస్టర్లో రాసిన ఇంటిపేరు ఎవరిదంటే, మొగుడు మనసు పడ్డ ఆ అమ్మాయిది. ఆ పదకొండు రోజుల గురించి ఆవిడ తన ఆత్మకథలో ఒక్క ముక్క రాయలేదు. "రాయాల్సిందంతా ఆ రిజిస్టర్లోనే రాసింది గదా" అంటుంది మా ఆవిడ.

ఇంతదూరం పోయినవాణ్ణి మన నెల్లూరికి రాకపోతే బాగుండదు. అరణ్యపర్వం నన్నయ గారితో ఆగిపోతే, తిక్కన గారు ఆ మిగిలిన ముక్క ముట్టుకోలేదు. ఆ శేషం తర్వాత ఎర్రన గారు పూర్తిచేశారు. తిక్కన గారు విరాటపర్వంతో ఎత్తుకున్నారు. ఆయన ఎందుకు అట్టా చేశారని పండితులు చాలా కారణాలు చెబుతారు. అద్దె పుస్తకాల షాపువాడిగా నాకు తోచేది ఒక్కటే: అది మిస్టరీ! ఆరుగురు మారుపేర్లతో ఒకే కొలువులో చేరారు. ఏడాదిలో ఎవరైనా గుర్తుపడితే మళ్ళీ పన్నెండేళ్ళు అడవి. మధ్యలో ఒక హత్య. పోయినవాడు సాక్షాత్తూ రాణిగారి తమ్ముడు కీచకుడు. చోటు నర్తనశాల. పగలు ఆడపిల్లలు నాట్యం నేర్చుకునే చోటు, రాత్రి ఖాళీ. రమ్మని చెప్పింది ద్రౌపది, లోపల పడుకున్నది భీముడు. తెల్లవారేసరికి చేతులేవో కాళ్ళేవో తెలియని మాంసపు ముద్ద. కాపలావాళ్ళను పిలిచి, "నా మొగుళ్ళు గంధర్వులు, వాళ్ళే చంపారు" అని చెప్పింది కూడా ద్రౌపదే. ఎంత ధైర్యం చూడండి, అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. రాజుగారి వంటవాణ్ణి మాత్రం ఎవరూ అనుమానించలేదు.

అక్కడ హస్తినలో దుర్యోధనుడి వేగులు ఊరూరా తిరిగి ఉత్త చేతులతో వచ్చారు. అప్పుడు భీష్ముడు అంటాడు, ధర్మరాజు ఉన్నచోట వానలు వేళకు కురుస్తాయి, పాడి పంటలు బాగుంటాయి, అట్టాంటి దేశం ఎక్కడుందో చూసుకోండి అని. పాల గిన్నె చూసి మనిషి ఆచూకీ చెప్పడం! ఇది మిస్ మార్పుల్ పద్ధతి. కురువృద్ధుడైనా ఆడవాళ్ళలాగా ఆలోచించాడని మా ఆవిడ ఆయన్ను ఒక్కణ్ణి మినహాయించింది.

ఇక్కడే అసలు విషయం ఉంది. వలలుడు భీముడని, బృహన్నల అర్జునుడని వినేవాళ్ళకు మొదటినుంచీ తెలుసు. పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా మన పల్లెల్లో వానల కోసం విరాటపర్వం చదివించుకుని రాత్రిళ్ళు కూర్చుని విన్నారు. తెలిసిపోయాక మజా ఏముంటుందని ఎవరూ లేచిపోలేదు.

మా ఆవిడ డిటెక్టివ్ నవల చదివే తీరు ఇదే. ముందు చివరి పది పేజీలు చదువుతుంది. తర్వాత మొదటికొస్తుంది. కొత్తలో నాకు ఒళ్ళు మండేది. "పరీక్షకు ముందు పేపర్ చూసుకున్నట్టుంది" అనేవాణ్ణి. "వాడే హంతకుడని తెలిస్తే గదా, వాడు పక్కవాళ్ళ మధ్య కూర్చుని ఎట్టా కాఫీ తాగుతున్నాడో చూడొచ్చు. మీరు పేరు కోసం చదువుతారు, నేను వాడి మొహం చూడటానికి చదువుతాను" అంది. చేపల పులుసు వండిన పూట కంటే మర్నాడు బాగుంటుందని నెల్లూరోళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ముక్క ఎక్కడికీ పోదు, మామిడికాయ పులుపు లోపలికి దిగుతుంది. నవలా అంతేనట.

ఇప్పుడు మీకో కేసు చెప్పి దిగిపోతాను. 1980ల మొదట్లో జరిగింది. మా షాపులో డిటెక్టివ్ నవలల మీద ఏదో పసుపు మరక కనబడటం మొదలైంది. అగ్గిపుల్ల తలంత, ఒక్కటే చుక్క. పుస్తకానికి ఒకటి. మొదట పట్టించుకోలేదు. పది పుస్తకాలు దాటాక నాలో యుగంధర్ లేచాడు. పసుపంటే వంట. వంటంటే మా షాపు ఎదురుగా టిఫిన్ హోటల్లో పనిచేసే వంటమనిషి, నా దగ్గర ఖాతా ఉన్నవాడు. పోయి నిలదీశాను. ఆయన కూరగాయలు తరిగే చేతులు రెండూ చాపి చూపించాడు. "సామీ, ఈ చెయ్యి అంటితే పేజీ మొత్తం అంటుకోవాల గదా. చుక్కెందుకు పడతాది?" అన్నాడు. నోరు మూసుకుని వచ్చేశాను.

ఆ రాత్రి మా ఆవిడ ఆ పుస్తకాలన్నీ చాప మీద పరిచింది. "మరకైతే వేలు పట్టుకునే చోట, అంచున పడుతుంది. ఇది అన్నిట్లోనూ పేరు మీద పడింది, చూడండి. ఇది మరక కాదు, బొట్టు" అంది. చివరి పేజీలు తిప్పి చూస్తే, బొట్టు పడిన ప్రతి పేరూ హంతకుడిదే! తర్వాత అద్దె రిజిస్టర్ అడిగింది. ఆ పుస్తకాలన్నీ గురువారం సాయంత్రం పోయి శనివారం వచ్చినవి. "మధ్యలో శుక్రవారం. గడపకు రాశాక పసుపు గిన్నె ఇంకా లోపలికి పోని రోజు" అంది.

ఆ గురువారాల మనిషి ఒక ఆఫీసులో హెడ్డు గుమాస్తా. గురువారం రాత్రి భజనకు పోయేవాడు, పుస్తకం శుక్రవారం రాత్రి పట్టేవాడు. శనివారం పొద్దున కౌంటర్ మీద దాన్ని టపీమని కొట్టి, "ఇరవయ్యో పేజీలో పట్టేశానబ్బయా!" అనేవాడు. ఆ చుట్టుపక్కల ఆయనంత తెలివైన పాఠకుడు లేడని నేను పదిమందికి చెప్పేవాణ్ణి. ఇంట్లో ఏం జరిగిందో మా ఆవిడే కూపీ లాగింది, కొళాయి దగ్గర. పుస్తకం పూర్తయ్యేదాకా ఆయన లైటు ఆర్పడు. రాత్రి రెండవుతుంది. ఆ వెలుతురులో ఆయన భార్యకు నిద్ర పట్టదు. అందుకని శుక్రవారం మధ్యాహ్నం ఆయన ఆఫీసులో ఉండగా చివరి పేజీలు చదివి, హంతకుడు మొదటిసారి వచ్చేచోట ఒక బొట్టు పెట్టేది. ఆయన ఇరవయ్యో పేజీలో పట్టేసి, మిగతాది గబగబా తిప్పేసి పదింటికల్లా పడుకునేవాడు. ఆ బొట్టు సంగతి ఆయనకు తెలుసా, తెలియకుండానే కన్ను అక్కడ ఆగేదా? అది ఇవాళ్టికీ తేలని కేసు.

మా ఆవిడకు బుద్ధి ఊరుకోలేదు. తర్వాతి గురువారం ఆయన రాకముందే కొత్త నవలలో ఎనిమిదో పేజీలో ఒక అమాయకుడి పేరు మీద పసుపు బొట్టు పెట్టింది. అమాయకుడంటే వంటవాడే. పాపం, నేను అనుమానించినందుకు ప్రాయశ్చిత్తం అనుకుంటాను.

శనివారం హెడ్డు గుమాస్తా గారు వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పుస్తకం కొట్టలేదు, మెల్లిగా పెట్టారు. "ఈ రాసినోడికి బుర్ర లేదబ్బయా. హంతకుడు వంటోడు. వీడేమో చివర్లో మేనల్లుణ్ణి పట్టించాడు. తప్పు" అని వెళ్ళిపోయారు.

సోమవారం ఆయన భార్య వచ్చింది. ఎప్పుడూ షాపు గడప తొక్కని మనిషి. లోపల మా ఆవిడను చూసి నేరుగా అడిగింది. "అమ్మాయ్, శుక్రవారం రాత్రి తెల్లారిందాకా మా ఇంట్లో లైటు ఆరలేదు. నేను మేనల్లుడికి బొట్టు పెట్టాను. వంటోడికి ఎవరు పెట్టినారు?"

మా ఆవిడ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. నావైపు వేలు చూపించి, "మా ఆయనే పిన్నమ్మా" అంది.