నాలుగో రోజున స్టార్టర్‌ను పారబోయకండి

నమస్కారం. ఇంట్లో సోర్‌డో బ్రెడ్, అంటే కొన్న ఈస్ట్ వేయకుండా సహజంగా పులియబెట్టే బ్రెడ్, చేద్దామని దానికి కావలసిన స్టార్టర్‌ను (పిండి, నీళ్లు కలిపి రోజుల తరబడి పులియబెట్టే మిశ్రమాన్ని) మొదలుపెట్టినవారు చాలామంది నాలుగో రోజుకు ఒకే మాట అంటున్నారు: "మొన్న సీసా నిండా పొంగింది, నిన్నటి నుంచి ఉలుకూ పలుకూ లేదు, చచ్చిపోయిందని పారబోశాను." సరిగ్గా దారిలో పడుతున్న సమయంలో దాన్ని పారబోస్తున్నారని విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. అందుకే ఈ వీడియోలో ఎక్కువ సమయం ఆ నాలుగో రోజుకే కేటాయిస్తున్నాను.

ముందు ఇడ్లీ పిండి సంగతి చూద్దాం. రాత్రి రుబ్బి పెడితే తెల్లవారేసరికి గిన్నె అంచుదాకా వచ్చే ఆ పొంగుకు ప్రధాన కారణం ఈస్ట్ కాదు, మినప్పప్పును అంటిపెట్టుకుని వచ్చే ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా. అది విడుదల చేసే కార్బన్ డయాక్సైడ్‌ను మినప్పిండి జిగురు పట్టి ఉంచుతుంది కాబట్టి, ఇడ్లీకి ఆ ఒక్క రాత్రి సరిపోతుంది.

గోధుమపిండిలో నీళ్లు కలిపి పెట్టినప్పుడు కూడా మొదట విజృంభించే వాటిలో ఈ ల్యూకోనోస్టాక్ ఉంటుంది. దానితోపాటు అక్కరలేని బ్యాక్టీరియా మరికొంత చేరుతుంది కనుకనే రెండో రోజు పొంగుతోపాటు ముక్కు మూసుకోవలసిన వాసన కూడా వస్తుంది. అయితే ఇవన్నీ కలిసి తయారుచేసిన ఆమ్లంలో అవే నిలవలేక తగ్గిపోతాయి, దాంతో పొంగు ఆగిపోతుంది. ఇడ్లీ పిండిని బయటే వదిలేస్తే పొంగు కూలి పులుపు మిగిలినట్టే ఇక్కడా జరుగుతుంది. తేడా ఏమిటంటే, స్టార్టర్‌కు మనం రోజూ కొత్త పిండి పెడతాము కాబట్టి, పైకి ఏ కదలికా కనిపించని ఆ రెండు మూడు రోజుల్లో పులుపును తట్టుకోగల లాక్టిక్ బ్యాక్టీరియా, ఈస్ట్ నెమ్మదిగా స్థిరపడతాయి. బ్రెడ్‌ను లేపేది ప్రధానంగా ఈ ఈస్టే.

ఈ రెండింటి పొత్తు నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కో సోర్‌డో మీద అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు సుగిహారా, క్లైన్ తదితరులు 1971లో ప్రచురించిన పరిశోధనలో, అందులోని ఈస్ట్ మాల్టోజ్ చక్కెరను ముట్టదనీ, బ్యాక్టీరియాకు మాత్రం అదే ప్రధాన ఆహారమనీ తేలింది. ఒకదాని తిండికి మరొకటి పోటీ రాకపోవడం వల్లనే అవి ఒకే సీసాలో ఏళ్ల తరబడి కలిసి బతకగలుగుతున్నాయి.

ఇక చేసే పద్ధతి. 50 గ్రాముల గోధుమపిండి, 50 గ్రాముల నీళ్లు సీసాలో కలిపి, మూత వదులుగా పెట్టండి. తవుడుతోపాటే సూక్ష్మజీవులు వస్తాయి కాబట్టి మొదటి వారం మైదా వద్దు. రెండో రోజు నుంచి రోజూ ఆ మిశ్రమంలో 50 గ్రాములు మాత్రం ఉంచి, మిగతాది తీసేసి, 50 గ్రాముల పిండి, 50 గ్రాముల నీళ్లు చేర్చండి. విజయవాడ ఎండాకాలం వంటి వేడిలో రోజుకు రెండుసార్లు పెట్టాలి. సీసాకు రబ్బరు బ్యాండు వేసి మట్టం గుర్తుపెట్టుకోండి. ఏడో రోజుకో పదో రోజుకో, పిండి పెట్టిన నాలుగు నుంచి ఆరు గంటల్లో అది రెట్టింపవుతుంది; పైభాగం ఉబ్బెత్తుగా ఉంటుంది, గాజు పక్కన బుడగలు కిందిదాకా కనిపిస్తాయి, చెంచాతో లాగితే పోగులు సాగుతాయి. వరుసగా మూడు రోజులు ఇలా జరిగితే స్టార్టర్ సిద్ధమైనట్టే. నీళ్లలో తేలుతుందా అని చూసే పరీక్షను నేను నమ్మను, గోధుమపిండి స్టార్టర్ బాగా పొంగినా మునిగిపోవచ్చు.

సమయం తక్కువగా ఉంది కనుక బ్రెడ్ సంగతి వేగంగా చెబుతాను. మైదా 500 గ్రాములు, నీళ్లు 325, స్టార్టర్ 100, ఉప్పు 10 గ్రాములు. ప్యాకెట్ వెనుక చూసి 100 గ్రాములకు 11 గ్రాములకు పైగా ప్రోటీన్ ఉన్న మైదా ఎంచుకోండి. కలిపిన ముద్దను అరగంటకొకసారి చొప్పున నాలుగుసార్లు మడవండి. ఒకటిన్నర రెట్లు దాటాక గుండ్రంగా చేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. మరునాడు బాగా కాగిన మందపాటి ఇనుప పాత్రలో, ఓవెన్‌లో 230 డిగ్రీల సెల్సియస్ వద్ద మూత పెట్టి 20 నిమిషాలు, మూత తీసి మరో 20 నిమిషాలు కాల్చండి. పూర్తిగా చల్లారాకే కోయండి, వేడి మీద కోస్తే లోపల జిగటగా ఉంటుంది.