పచ్చికను ఎప్పుడు మేపాలి? గడ్డి ఎదుగుదలకు ఒక లెక్క

సభకు నమస్కారం.

పశువులు మేసి వెళ్ళిన బయలులో మిగిలిన పొట్టి గడ్డి మొదట నెమ్మదిగా, ఆపై చురుకుగా పెరిగి, చివరకు మందగిస్తుంది. 1838లో బెల్జియం గణితవేత్త వెర్‌హుల్‌స్ట్ జనాభా కోసం రాసిన లాజిస్టిక్ సమీకరణం ఈ తీరును చక్కగా పట్టుకుంటుంది. నేలమీద ఉన్న గడ్డినీ, ఇంకా ఎదగడానికి మిగిలిన వాటానూ గుణిస్తే వచ్చేదానికి రోజువారీ ఎదుగుదల అనులోమంగా ఉంటుందని దాని సారం.

ఉదాహరణకు హెక్టారుకు గరిష్ఠంగా 6,000 కిలోల ఎండు పదార్థం నిలుస్తుందనీ, వృద్ధి రేటు రోజుకు 0.04 అనీ, మేత తరువాత 1,500 కిలోలు మిగులుతాయనీ అనుకుందాం. 3,000 కిలోల వద్ద ఎదుగుదల రోజుకు 60 కిలోలతో శిఖరాన్ని తాకుతుంది కనుక అప్పుడే పశువులను తోలాలని తోస్తుంది. అయితే రైతుకు దక్కేది శిఖరవేగం కాదు, రెండు మేతల నడుమ సగటు. 28వ రోజు దగ్గర మేపితే ఆ సగటు సుమారు 55 కిలోలు; 40 రోజులు ఆగి 3,750 కిలోల వద్ద మేపితే 56. పన్నెండు రోజుల తేడాకు వచ్చింది ఒక్క కిలోయే! ఈ నమూనాలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఈ చదునే, ఎందుకంటే మేపే రోజును ఈ వంపు ఒక్కటే నిర్ణయించలేదని అది చెబుతోంది.

నిర్ణయించేది ఆకు. ఐర్లండ్, న్యూజిలాండ్ పచ్చికల్లో ప్రధానమైన బహువార్షిక రైగ్రాస్‌లో ఒక్కో పిలకకు ఏ సమయంలోనైనా సుమారు మూడు పచ్చి ఆకులే ఉంటాయి. నాలుగోది విచ్చుకునేసరికి మొదటిది ఎండిపోతుంది. ఒక్కో ఆకుకు సుమారు 110 డిగ్రీ-రోజుల వేడి, అంటే రోజువారీ సగటు ఉష్ణోగ్రతలను కూడితే వచ్చే మొత్తం, కావాలి. సగటు ఉష్ణోగ్రత 10 డిగ్రీలైతే మూడాకులకు 33 రోజులు, 15 డిగ్రీలైతే 22 రోజులు పడుతుంది. పుట్టే ఆకునూ చచ్చే ఆకునూ లాజిస్టిక్ సమీకరణం ఒకే పద్దులో కలిపేస్తుంది. ఇంగ్లండ్‌లోని హర్లీలో 1980లలో రూపొందిన నమూనాలు ఆకులను వయసువారీగా విడదీసి ఈ లోపాన్ని సవరించాయి.

మన నేపియర్‌కు ఈ మూడాకుల లెక్క పనికిరాదు. అది కోసి వేసే మేత, కాండం ఏపుగా పెరిగే గడ్డి. దానికి కాండపు పద్దు వేరుగా తెరిచి, గుణకాలన్నీ మన పొలాల్లోనే కొలవాలి.