రుమాలు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

హోస్ట్: నమస్కారం. ఈ రోజు అతిథి నాకు డిగ్రీలో ఇంగ్లిష్ చెప్పిన మేడమ్. కోఠీ దగ్గర వారి ఇంట్లోనే రికార్డు చేస్తున్నాం, బస్సుల హారన్లు వినిపిస్తే మన్నించండి. మేడమ్, మాకు షేక్‌స్పియర్ నాటకం ‘ఒథెల్లో’ చెప్పినప్పుడు మీరు బోర్డు మీద ‘రుమాలు అంటే నమ్మకం’ అని రాశారు. పరీక్షలో నేనూ అదే రాశాను. ఇప్పుడు అలా చెప్పడం లేదట?

మేడమ్: లేదు నాన్నా. అది మీకు చేసిన అన్యాయమే అనుకుంటాను. జవాబు బోర్డెక్కాక ఇక నాటకం చదవడం ఎందుకు? ఇప్పుడు అర్థం అడగడం మానేశాను. ‘రుమాలు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?’ అని అడుగుతాను.

హోస్ట్: క్లాసులో అది ఎలా సాగుతుంది?

మేడమ్: సుల్తాన్ బజార్‌లో ఒక తెల్ల రుమాలు కొన్నాను. నాటకంలో దాని మీద ఎర్రని స్ట్రాబెర్రీలు కుట్టి ఉంటాయి కదా. మా క్లాసులో ఒక అమ్మాయి వాళ్ల అమ్మ మగ్గం పని చేస్తారు. ఆ అమ్మాయే తీసుకెళ్లి, నాలుగు రోజులు కూర్చుని కుట్టి తెచ్చింది. ఇస్తూ, ‘ఇంత పని ఉన్నదాన్ని ఎవరూ ఊరికే పారేసుకోరు మేడమ్’ అంది. వెంటనే మూడో అంకం తీయించాను. సేనాని ఒథెల్లోకు తలనొప్పి. అతని భార్య డెస్డిమోనా ఆ రుమాలుతో నుదుటికి కట్టు కట్టబోతుంది. ‘ఇది మరీ చిన్నది’ అని అతనే వద్దంటాడు. అది జారి కింద పడుతుంది, ఇద్దరూ చూసుకోకుండా లోపలికి వెళ్లిపోతారు. ఆ తరువాత రుమాలు ఏదని ఆమెను నిలదీసేవాడికి, వద్దన్నది తానేనని ఒక్కసారి కూడా గుర్తు రాదు! ఇన్నేళ్లు పాఠం చెప్పి కూడా నేను ఆ చోటు దాటుకుంటూ పోయాను. పిల్లలు రుమాలు పట్టుకుని నటించాకే నాకూ కనిపించింది.

హోస్ట్: డెస్డిమోనా పరిచారిక ఎమీలియా దాన్ని తీస్తుంది.

మేడమ్: తీసి భర్త ఇయాగోకు ఇస్తుంది. డెస్డిమోనాకు కాసియోతో సంబంధం ఉందని ఒథెల్లోను నమ్మించాలని ఇయాగో పన్నాగం. అందుకే దాన్ని ఒథెల్లో కింద పనిచేసే ఆ కాసియో గదిలో పడేస్తాడు, కాసియో తన ప్రియురాలు బియాంకాకు ఇస్తాడు. క్లాసులోనూ అలాగే చేతులు మారుతుంది. ఒక్కొక్కరి దగ్గర ఆపి, ‘నీకు ఇది ఏమిటి?’ అంటాను. ఎమీలియా: ‘మా ఆయన ఎన్నాళ్లుగానో అడుగుతున్నారు, ఇస్తే సంతోషిస్తారు.’ ఇయాగో: ‘సాక్ష్యం.’ కాసియో: ‘ఎవరిదో తెలియదు, పనితనం బాగుంది.’ బియాంకా: ‘ఇంకో ఆడదాని వస్తువు.’ డెస్డిమోనాకు మాత్రం అది భర్త ఇచ్చిన తొలి కానుక. ఎమీలియా, కాసియో ఇద్దరికీ దాని డిజైన్ కాపీ తీయించుకోవాలని ఉంటుంది, గమనించావా? మా మగ్గం అమ్మాయి, ‘డిజైన్ తీసుకోవచ్చు, కుట్టిన చెయ్యి ఎక్కడి నుంచి వస్తుంది?’ అంది.

హోస్ట్: కుట్టింది ఎవరో నాటకంలో ఉందా?

మేడమ్: రెండు వందల ఏళ్ల జోస్యురాలు కుట్టిందనీ, ఒక ఈజిప్టు స్త్రీ దాన్ని ఒథెల్లో తల్లికి ఇచ్చిందనీ మూడో అంకంలో అతనే చెబుతాడు. అయిదో అంకానికి వచ్చేసరికి, దాన్ని తన తండ్రే తన తల్లికి ఇచ్చాడంటాడు.

హోస్ట్: ఏది నిజం?

మేడమ్: క్లాసులో నేను తేల్చను. దాని మీద రెండు పీరియడ్లు వాదించుకున్నారు. నన్నడిగితే, మొదటి కథ భార్యను భయపెట్టడానికి అల్లినదే. ఆ వాదనలో ఒక అబ్బాయి లేచి, ‘ఒథెల్లో కంటికి కనిపించే రుజువు కావాలన్నాడు, గుడ్డముక్క చూసి నమ్మేశాడు. మా గ్రూపులో స్క్రీన్‌షాట్ చూసి స్నేహం తెంచుకున్నట్టే ఉంది’ అన్నాడు. ఆ రోజంతా క్లాసులో ఎవరూ ‘ఈర్ష్య’ అన్న మాట ఎత్తలేదు. గైడ్లలో ఇతివృత్తం అంటే ఆ ఒక్క మాటే.

హోస్ట్: శకుంతల ఉంగరం గుర్తొస్తోంది.

మేడమ్: తప్పకుండా పక్కన పెట్టి చదివిస్తాను. అక్కడ చేప కడుపులో ఉంగరం దొరికితే రాజుకు జ్ఞాపకం తిరిగి వచ్చింది. ఇక్కడ రుమాలు ఇతరులకు దొరకడమే డెస్డిమోనా ప్రాణం మీదికి వచ్చింది.

హోస్ట్: మరి పది మార్కుల ప్రశ్నకు ఏం రాయాలి?

మేడమ్: రుమాలు ఎవరి చేతిలో ఉన్నప్పుడు ఏ మాట అన్నారో నాటకంలోంచి చూపించమంటాను, తమ అభిప్రాయం ఆ తరువాతే. మార్కులు తగ్గలేదు.

హోస్ట్: ఈ ఏడాది పాఠం ఎంతవరకు వచ్చింది?

మేడమ్: మూడో అంకం నాలుగో రంగం. రుమాలు ఎక్కడ పోగొట్టుకున్నానో అని డెస్డిమోనా అడిగితే, ఎమీలియా ‘తెలియదమ్మా’ అనాలి. ఆ పాత్ర వేసిన అమ్మాయి గొంతు పెగలక, నేల చూస్తూ నిలబడిపోయింది. చివరికి అంది. బెల్లు కొట్టాక నా దగ్గరకు వచ్చి, ‘నేను నిజం ఎప్పుడు చెబుతాను మేడమ్?’ అని అడిగింది. అయిదో అంకం చదువుకుని రమ్మన్నాను. సోమవారం ఆ పాఠమే.