బ్రౌజర్ విండో తెర మీద కనిపించకపోతే...

శ్రోతలకు నమస్కారం.

బ్రౌజర్ మీద నొక్కుతారు. అది తెరుచుకున్నట్టు కింద టాస్క్‌బార్‌లో గుర్తు కనిపిస్తూనే ఉంటుంది, తెర మీద మాత్రం ఏమీ ఉండదు. మళ్లీ నొక్కినా అంతే. ఇంకొకరికి విండో వస్తుంది కానీ, పైన అడ్రస్ బార్ ఉండదు, మూసే గుర్తూ ఉండదు. మరొకరికి తెరంతా తెల్లగా అయిపోతుంది. టెన్షన్ పడి చాలామంది వెంటనే బ్రౌజర్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. అది ఆఖరున చేయాల్సిన పని. పైగా దానివల్ల తరచూ ఫలితం ఉండదు కూడా. ఎందుకంటే బ్రౌజర్‌ను తీసేసినా మన పాత సెట్టింగులు సాధారణంగా కంప్యూటర్‌లోనే ఉండిపోతాయి. కొత్తగా వేసిన బ్రౌజర్ మళ్లీ వాటినే అందుకుంటుంది.

ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. తేడా ఒక్క వెబ్‌సైట్‌లోనే ఉందా, బ్రౌజర్ మొత్తంలో ఉందా, లేక కంప్యూటర్ తెరలోనే ఉందా? ఇంకో సైట్ తెరిచి చూడండి, ఇంకో బ్రౌజర్ తెరిచి చూడండి. రెండు నిమిషాల్లో సగం సంగతి తేలిపోతుంది.

మొదట మాయమైన విండో గురించి చెబుతాను, అందరినీ ఎక్కువగా కంగారు పెట్టేది అదే. బ్రౌజర్ తనను ఎక్కడ, ఎంత సైజులో ఉండగా మూశామో గుర్తు పెట్టుకుంటుంది. రెండో మానిటర్ మీద వాడి, తర్వాత ఆ మానిటర్ తీసేస్తే, ఒక్కోసారి విండో ఆ లేని చోటే తెరుచుకుంటుంది. మానిటర్ స్విచ్ ఆపి ఉన్నా, కేబుల్ తగిలించే ఉంటే, అది ఉన్నట్టే కంప్యూటర్ లెక్క వేసుకోవచ్చు. విండోస్ వాడేవాళ్లు ఇలా చేయండి. ముందు ఆల్ట్, ట్యాబ్ కలిపి నొక్కి ఆ బ్రౌజర్‌ను ఎంచుకోండి. తర్వాత ఆల్ట్, స్పేస్‌బార్ కలిపి నొక్కండి. చిన్న మెనూ తెరుచుకుంటుంది, అది మీకు కనిపించకపోయినా పర్వాలేదు. ఇప్పుడు ఎమ్ అక్షరం నొక్కి, ఏదైనా ఒక బాణం గుర్తు కీ ఒక్కసారి నొక్కి, మౌస్‌ను మెల్లగా కదపండి. విండో మౌస్‌కు అతుక్కుని తెర మీదకు వచ్చేస్తుంది. కావాల్సిన చోట క్లిక్ చేస్తే అక్కడ ఆగుతుంది. కదలకపోతే, అది పూర్తి సైజులో ఉండి ఉండొచ్చు. అప్పుడు ఆల్ట్, స్పేస్‌బార్ నొక్కాక ముందు ఆర్ నొక్కి, తర్వాత మొదటి నుంచి చేయండి. రెండు మానిటర్లూ తగిలించే ఉంటే ఇంత శ్రమ అక్కర్లేదు. విండోస్ కీ, షిఫ్ట్ పట్టుకుని ఎడమ బాణం నొక్కితే విండో పక్క తెర మీదకు మారుతుంది.

అడ్రస్ బార్ కనిపించకపోతే అది ఫుల్ స్క్రీన్. ఎఫ్ 11 కీ పొరపాటున తగిలి ఉంటుంది, మళ్లీ అదే నొక్కితే సరిపోతుంది. మ్యాక్‌లో కంట్రోల్, కమాండ్, ఎఫ్ కలిపి నొక్కాలి.

ఇక్కడ ఒక్క హెచ్చరిక, దయచేసి శ్రద్ధగా వినండి. ఉన్నట్టుండి తెరంతా ఎర్రగానో నీలంగానో మారి, మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని వస్తే, అది కంప్యూటర్ పాడవడం కాదు. మోసగాళ్లు ఫుల్ స్క్రీన్‌లో తెరిచిన మామూలు వెబ్ పేజీ. ఆ నంబరుకు ఫోన్ చేయకండి. ఎస్కేప్ కీని కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోండి, తర్వాత ఆల్ట్, ఎఫ్ 4 నొక్కి మూసేయండి. అప్పటికీ పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఎంచుకుని ఎండ్ టాస్క్ నొక్కండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తిరిగి తెరవమంటారా అని అడిగితే వద్దనండి.

అక్షరాలు ఒక్క సైట్‌లోనే పెద్దవిగానో చిన్నవిగానో ఉంటే అది జూమ్. కంట్రోల్ కీ నొక్కి ఉండగా మౌస్ చక్రం తిరిగితే ఇలా మారుతుంది. కంట్రోల్, సున్నా కలిపి నొక్కితే మామూలు సైజుకు వస్తుంది. అన్ని ప్రోగ్రాముల్లోనూ అలాగే ఉంటే మాత్రం డిస్‌ప్లే సెట్టింగుల్లో స్కేల్, అంటే తెర మీది అక్షరాల, బొమ్మల సైజు ఎంత పెట్టి ఉందో చూడాలి. పేజీ చెల్లాచెదురుగా కనిపిస్తే కంట్రోల్, ఎఫ్ 5 నొక్కండి. కుదరకపోతే అదే పేజీని ఇన్‌కాగ్నిటో విండోలో, అంటే ఎక్స్‌టెన్షన్లు సాధారణంగా పనిచేయని ప్రైవేట్ విండోలో తెరవండి. ఎక్స్‌టెన్షన్లంటే బ్రౌజర్‌కు అదనంగా జోడించుకునే చిన్న ప్రోగ్రాములు. అక్కడ బాగుంటే, మీరు చేర్చుకున్న ఏదో ఎక్స్‌టెన్షన్ అడ్డుపడుతూ ఉండొచ్చు. ఒక్కొక్కటే ఆపి చూడండి.

విండో నల్లగా, తెల్లగా మారుతున్నా, మిణుకుమిణుకుమంటున్నా గ్రాఫిక్స్ వైపు చూడాలి. బొమ్మ గీసే పనిని బ్రౌజర్ గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగిస్తుంది. ఆ చిప్‌ను నడిపే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ పాతబడినా, చెడినా ఇద్దరికీ పొత్తు కుదరదు. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి కలిపి నొక్కితే తెర ఒక్క క్షణం ఆరి, డ్రైవర్ కొత్తగా మొదలవుతుంది. తెరిచి ఉన్న పనులు పోవు. మళ్లీ అదే బాధ వస్తుంటే, క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ విభాగానికి వెళ్లి గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపి, బ్రౌజర్‌ను మూసి తెరవండి. ఫైర్‌ఫాక్స్‌లో ఇది జనరల్ సెట్టింగ్స్‌లో పర్ఫార్మెన్స్ కింద ఉంటుంది. అలాగే వదిలేయమని మాత్రం నేను చెప్పను. వీడియోల భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. డ్రైవర్ అప్‌డేట్ చేశాక మళ్లీ ఆన్ చేసుకోండి.

తెర మీద గీతలు, రంగుల తేడాలు కనిపిస్తుంటే ఒక తేలికైన పరీక్ష ఉంది. స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని మీ ఫోన్‌కు పంపుకుని చూడండి. ఫోన్‌లోనూ ఆ గీతలు ఉంటే గ్రాఫిక్స్ వైపో, బ్రౌజర్ వైపో వెతకాలి. ఫోన్‌లో బొమ్మ శుభ్రంగా ఉంటే తప్పు చాలావరకు మానిటర్‌దో, కేబుల్‌దో. ముందు కంప్యూటర్ ఆపి, కేబుల్ రెండు కొసలూ ఊడదీసి గట్టిగా పెట్టండి. ఇంకో కేబుల్ ఉంటే దాంతో చూడండి. అప్పటికీ పోకపోతే మెకానిక్‌కు ఆ స్క్రీన్‌షాట్‌తో పాటు, తెరను ఫోన్‌తో తీసిన ఫొటో కూడా పంపండి. ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకు ఆ రెండూ చూడగానే తెలుస్తుంది.

నమస్కారం.