జీపు బరువెక్కిన దారి

సభకు నమస్కారం.

చెన్నైలో తెలుగువాళ్లం కలిస్తే ఎక్కువగా సాహిత్యమో సంగీతమో మాట్లాడుకుంటాం. ఈసారి సైన్యం బండ్ల గురించి చెప్పమని నిర్వాహకులు అడిగారు. చాలా సంతోషం వేసింది. ఈ హాల్లో ఎన్నూరులో, ఆవడిలో, ఒరగడంలో పనిచేసే అన్నదమ్ములు, చెల్లెళ్లు చాలామంది ఉన్నారు. మన దేశంలో బండ్లను డిజైన్ చేసే చేతుల్లో కొన్ని ఇక్కడే ఉన్నాయి. నేను సైన్యంలో ఈఎంఈలో, అంటే బండ్లు, తుపాకులు, రేడియోలు రిపేరు చేసే విభాగంలో పనిచేశాను. సికింద్రాబాద్‌లో శిక్షణ అయ్యాక ఉద్యోగమంతా వర్క్‌షాపుల్లోనే గడిచింది. కాబట్టి నేను చెప్పేది బండి నడిపినవాడి మాట కాదు, ఆగిపోయిన బండి దగ్గరికి టూల్ బాక్స్ పట్టుకుని వెళ్లినవాడి మాట.

ముందు జీపు సంగతి. 1940 జూలైలో అమెరికా సైన్యం 135 కంపెనీలకు కబురు పంపింది. నాలుగు చక్రాలూ లాగే చిన్న బండి కావాలి, మొదటి నమూనా 49 రోజుల్లో రావాలి, బరువు 590 కిలోలు దాటకూడదు. అన్ని కంపెనీల్లో ముందుకొచ్చినవి రెండే: బాంటమ్, విల్లీస్. బాంటమ్ చిన్న కంపెనీ, డిజైన్ చేసేందుకు సరైన మనిషి కూడా లేడు. డెట్రాయిట్ నుంచి కార్ల్ ప్రోబ్స్ట్ అనే ఇంజనీరును పిలిపించుకున్నారు. ఆయన కొద్ది రోజుల్లోనే డ్రాయింగులు పూర్తి చేశాడు. సెప్టెంబర్ 23న బండి సైన్యం చేతికి అందింది. బరువు మాత్రం 800 కిలోలు దాటింది. 590 కిలోల్లో అలాంటి బండి ఎవరికీ సాధ్యం కాలేదు, సైన్యమే పరిమితి పెంచుకుంది. చివరికి ఖాయమైన విల్లీస్ ఎంబీ సుమారు 1,110 కిలోలు. 2.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్, 60 హార్స్‌పవర్.

ఇప్పుడు మనం నడిపే చిన్న కారు పవర్ కూడా అంతకంటే ఎక్కువే. మరి ఆ జీపు ఎందుకు నిలబడింది? నా దృష్టిలో మొదటి కారణం, విల్లీస్ చేసిన బండి భాగాలు, అదే డిజైన్‌తో ఫోర్డ్ చేసిన బండికి పట్టడం. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేలోగా ఈ రెండు కంపెనీలు కలిసి 6,40,000 దాకా తయారుచేశాయి. బాంబు దెబ్బకు ముందు భాగం పోయిన బండి నుంచి వెనక యాక్సిల్, అంటే చక్రాల ఇరుసు, ఊడదీసి మరో దానికి బిగిస్తే అది మళ్లీ కదిలేది. రెండో కారణం బరువు. బురదలో దిగబడితే నలుగురు సైనికులు దిగి తోసేస్తే చాలు.

బరువు గురించి ఇంకో సాక్ష్యం అవతలి పక్షం నుంచి చెబుతాను. జర్మన్లు వాడిన ఫోక్స్‌వ్యాగన్ క్యూబెల్‌వాగన్‌కు ఫోర్ వీల్ డ్రైవే లేదు, వెనక చక్రాలు మాత్రమే లాగేవి. ఇంజన్ కూడా చిన్నది, గాలితో చల్లబడేది. అయినా రష్యా బురద నుంచి ఆఫ్రికా ఇసుక దాకా అది పనిచేసింది. ఖాళీ బండి 725 కిలోలే, కింద భాగం చదునుగా ఉంటుంది, ఒక చక్రం జారితే మరో చక్రానికి బలం పంపే డిఫరెన్షియల్ ఉంది. తేలికదనం నాలుగు చక్రాల డ్రైవ్ లేని లోటును ఎంత దూరం పూడ్చగలదో దాన్ని చూస్తే అర్థమవుతుంది.

మన దేశంలో మహీంద్రా 1947లో విల్లీస్ జీపులను బిగించడం మొదలుపెట్టింది. ఆ వంశం పౌర జీవితంలో ఎంత లోతుగా పాతుకుందో మీకు తెలుసు. పాడేరు ఏజెన్సీలో షేర్ జీపులు ఎక్కినవాళ్లు, బొర్రా దగ్గర కటికి జలపాతానికి వెళ్లినవాళ్లు ఇక్కడ ఉంటారు. తమిళనాడు, కేరళ సరిహద్దులో సూర్యనెల్లి నుంచి కొలుక్కుమలై టీ తోటకు ఎక్కించేది కూడా జీపులే. సైన్యంలో 1969 నుంచి జోంగా వచ్చింది. నిస్సాన్ కంపెనీ పాట్రోల్ అనే బండి డిజైన్‌ను మన జబల్‌పూర్ ఫ్యాక్టరీలో తయారుచేశారు. దాదాపు నాలుగు లీటర్ల, ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్. లాగడంలో దానికి తిరుగులేదు, పెట్రోల్ తాగడంలోనూ తిరుగులేదు.

జిప్సీ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే నా చేతులకు బాగా తెలిసిన బండి అది. మారుతి 1985లో తెచ్చింది, సైన్యంలోకి 1991లో వచ్చింది. మొదట్లో 970 సీసీ ఇంజన్, తర్వాత 1,300 సీసీ. బరువు టన్ను అటూ ఇటూ. ముందూ వెనకా బలమైన ఘన యాక్సిళ్లు, నాలుగు మూలలా లీఫ్ స్ప్రింగులు, పైన కాన్వాస్. సుఖం ఏమీ లేదు. వెనక అడ్డంగా కూర్చున్న జవాను నడుముకు ప్రతి గుంతా తెలిసేది. అయినా లద్దాఖ్‌లో డ్రైవర్లు దాన్నే అడిగేవాళ్లు.

ఎందుకో చెబుతాను. ఐదు వేల మీటర్ల ఎత్తులో గాలి పీడనం సముద్ర మట్టంలో ఉన్న దానిలో సగానికి కాస్త ఎక్కువ. టర్బో, అంటే గాలిని ఒత్తి లోపలికి నెట్టే పరికరం, లేని ఇంజన్ పీల్చుకునే గాలి తగ్గినంత మేర పవర్ కూడా తగ్గుతుంది. అంటే 80 హార్స్‌పవర్ బండి అక్కడ 45 దగ్గర పడుతుంది. బరువైన బండికి అది చావు దెబ్బ. టన్ను బరువుండే జిప్సీ మాత్రం లో రేంజ్ గేరులో, అంటే వేగం తగ్గించి లాగే బలం పెంచే గేరులో, నెమ్మదిగా ఎక్కేస్తుంది. వంతెన ఎంత బరువు మోస్తుందో తెలియని చోట, రోడ్డు అంచు మట్టితో ఉన్న చోట డ్రైవర్ ధైర్యం చేయగలిగేది కూడా ఆ తేలికదనం వల్లే. పెట్రోలును గాలిలో కలిపే కార్బొరేటర్ ఉన్న కాలంలో నేను గడ్డకట్టిన వేళ్లతో దాని జెట్లు, అంటే పెట్రోలు వచ్చే సన్న రంధ్రాలు, శుభ్రం చేసి బండి స్టార్ట్ చేశాను. అక్కడ నా దగ్గర కంప్యూటర్ లేదు, ఉండాల్సిన అవసరమూ రాలేదు.

అలాగని పాతదే గొప్ప అని అనను. 2017లో సైన్యం టాటా సఫారీ స్టార్మ్‌లు 3,192 ఆర్డర్ ఇచ్చినప్పుడు, తర్వాత 2023లో స్కార్పియోలు తీసుకున్నప్పుడు కొందరు పెదవి విరిచారు. నేను విరవలేదు. కొత్త అవసరం 800 కిలోలు మోయడం, గట్టి పైకప్పు, ఏసీ. ఏసీ అంటే ఆఫీసర్ల సుఖం అనుకోవద్దు. ఈ రోజు బండిలో రేడియో సెట్లు, స్క్రీన్లు, బ్యాటరీలు ఉంటాయి. జైసల్మేర్ మే నెల ఎండలో అవి మనిషి కంటే ముందు చచ్చిపోతాయి. టర్బో డీజిల్ వల్ల ఎత్తులో పవర్ నష్టం కూడా బాగా తగ్గుతుంది. అవన్నీ నిజమైన లాభాలు. కానీ బరువు దాదాపు రెట్టింపైంది. జిప్సీ వెళ్లిన ప్రతి దారిలోనూ స్టార్మ్ వెళ్తుందని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను.

బరువు పెరుగుదల ఎక్కడిదాకా పోగలదో చూడాలంటే అమెరికా వైపే మళ్లీ చూడాలి. జీపు తర్వాత వాళ్లు ఎం-151 అనే బండి తెచ్చారు. నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్, ప్రయాణం మెత్తగా ఉండేది. కానీ మలుపులో వేగంగా తిప్పితే బోల్తా పడేది. ఆ భయంతోనే, సర్వీసు నుంచి తీసేసినవాటిని చాలావరకు జనానికి అమ్మకుండా కోసేశారు. 1983లో హమ్వీ అనే కొత్త బండికి కాంట్రాక్టు ఇచ్చారు. చక్రాల దగ్గర గేర్లు పెట్టి యాక్సిల్‌ను పైకి లేపడంతో నేలకూ బండి అడుగుకూ మధ్య 16 అంగుళాల ఖాళీ వచ్చింది. గొప్ప ఇంజనీరింగ్ అది. మొదటి రకం బరువు సుమారు 2,360 కిలోలు.

తర్వాత ఇరాక్ యుద్ధంలో రోడ్డు పక్కన పాతిన బాంబులు పేలాయి. హమ్వీ అడుగు చదును, తలుపులు పలచన, లోపలివాళ్లు చనిపోయారు. కవచం తొడిగారు. కవచం తొడిగిన హమ్వీ నాలుగున్నర టన్నుల దగ్గరికి చేరింది. సస్పెన్షన్, బ్రేకులు, ఇంజన్ అన్నీ ముందు బరువుకు చేసినవే, కాబట్టి అవి త్వరగా అరిగాయి. దాని స్థానంలోకి తెచ్చిన జేఎల్‌టీవీ అనే కవచ బండికి అడుగు వీ ఆకారంలో చేసి పేలుడును పక్కలకు మళ్లించారు. దాని బరువు ఆరు టన్నుల పైమాటే. ప్రాణాలు కాపాడింది, అందులో సందేహం లేదు. కానీ దాన్ని చిన్న హెలికాప్టరు కింద వేలాడదీసి తీసుకెళ్లలేరు, సన్న దారిలో తిప్పలేరు.

అందుకే 2020లో అదే సైన్యం వెనక్కి తిరిగింది. జీఎం డిఫెన్స్ కంపెనీ చేసిన ఐఎస్‌వీ అనే బండి తొమ్మిది మందిని మోస్తుంది, తలుపులు లేవు, కవచం లేదు, బరువు దాదాపు 2,270 కిలోలు, బ్లాక్‌హాక్ హెలికాప్టరు దాన్ని మోయగలదు. అందులో 90 శాతం విడిభాగాలు షోరూముల్లో అమ్ముడయ్యే షెవ్రోలే కొలరాడో పికప్ లాంటి బండ్లవే. ఎనభై ఏళ్లు తిరిగి, పౌర మార్కెట్ నుంచి భాగాలు తెచ్చి తేలిక బండి చేయడం దగ్గరికే వచ్చారు. మన సైన్యం కూడా ఈ రెండు పనులనూ విడదీయడం నాకు నచ్చింది. కవచం కావాల్సిన పనికి 2021లో మహీంద్రా డిఫెన్స్‌కు 1,300 కవచ బండ్ల ఆర్డర్ వేరుగా ఇచ్చింది, ధర 1,056 కోట్లు. ఒకే బండిని అటు కవచానికీ ఇటు వేగానికీ వాడాలనుకుంటే హమ్వీకి పట్టిన గతే పడుతుంది.

ఇక మీలో కొత్తగా థార్, జిమ్నీ కొన్న తమ్ముళ్లకు ఒక మాట. ఈ రెండింటికీ ల్యాడర్ ఫ్రేమ్, అంటే నిచ్చెనలాంటి ఉక్కు చట్రం ఉంది, నాలుగు చక్రాలూ లాగే రకాలకు లో రేంజ్ గేరు ఉంది. నిజమైన ఆఫ్ రోడ్ వంశమే. కానీ సైన్యం బండిలో మీకు కనిపించని పనులు చాలా ఉంటాయి: లాగేందుకు బలమైన హుక్, రేడియోకు అడ్డం రాకుండా స్పార్క్ ప్లగ్ వైర్ల రక్షణ, శత్రువుకు కనిపించకుండా సన్నటి లైట్లు. ఆర్మీ ట్రక్కు వెనక డిఫరెన్షియల్‌కు తెల్ల రంగు వేసి ఉండడం చూసే ఉంటారు. రాత్రి కాన్వాయ్‌లో దాని మీద చిన్న బల్బు మాత్రమే వెలుగుతుంది, వెనక డ్రైవర్ దాన్ని చూసుకుంటూ నడుపుతాడు.

మరొకటి. 2015 డిసెంబర్ వరదను, 2023లో మిగ్‌జామ్ తుఫానును మనం చూశాం. పెద్ద ఎస్‌యూవీ కదా అని నీళ్లలో దింపినవాళ్ల ఇంజన్లు పోయాయి. గాలి పీల్చే గొట్టంలోంచి నీరు సిలిండర్‌లోకి వస్తే పిస్టన్ దాన్ని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీటిలో వెళ్లగలదని కంపెనీ చెబుతుంది. అది నిలకడ నీటికి, నెమ్మదిగా వెళ్లేటప్పటి లెక్క. ప్రవాహంలో కాదు, ముందు లారీ లేపిన అలలో కాదు. ఇంజన్ నీళ్లలో ఆగితే మళ్లీ స్టార్ట్ చేయవద్దు, తోసి బయటికి తీయండి.

చివరగా, చెంగల్పట్టు దగ్గర మహీంద్రా రీసెర్చ్ వ్యాలీలో, ఒరగడం పరీక్షా కేంద్రంలో పనిచేసే మీకు నాదొక విన్నపం. కొత్త బండ్లలో సెన్సర్ ఒకటి తప్పు చదివితే కంప్యూటర్ ఇంజన్ పవర్ కోసేస్తుంది. రోడ్డు మీద అది ఇంజన్‌ను కాపాడుతుంది. కాల్పుల మధ్య అదే మనుషుల్ని చంపుతుంది. సైన్యానికి ఇచ్చే ప్రతి బండిలో, ఇంజన్ పాడైనా సరే నడవాలి అని డ్రైవర్ నిర్ణయించుకునే స్విచ్ ఒకటి పెట్టండి. వైరింగ్ డయాగ్రామ్ లామినేట్ చేసి బోనెట్ లోపల అతికించండి. మోడల్ మారినా వైర్ రంగులు మార్చకండి. నాలాంటి మెకానిక్ చీకట్లో టార్చి నోట్లో పట్టుకుని వెతికేది ఆ రంగులనే.

బయట పార్కింగ్‌లో ఒక మిత్రుడు తన పాత సీజే-3బీ జీపు తెచ్చి పెట్టాడు. టీ తాగి రండి, బోనెట్ తీసి, ముందు వెనక చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ దాకా అన్నీ చూపిస్తాను. ప్రశ్నలు అక్కడే అడగండి.