పనివాళ్లకి టీ ఏ గ్లాసులో ఇస్తున్నాం?

అందరికీ నమస్కారం. పండగల ముందు సగం ఫ్లాట్లలో రంగులు, రిపేర్లు నడుస్తాయి కాబట్టి పనివాళ్లు ఇంట్లో ఉన్నప్పుడు మనం ఎలా ఉండాలో నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు. డ్రిల్లింగ్ ఏ టైంలో చేయించుకోవాలో సెక్రటరీగారు చెప్తారు, దుమ్ము సంగతి కిందింటివాళ్లు ఎలాగూ చెప్తారు. నేను గ్లాసు గురించి చెప్తాను.

పోయినేడు మా ఇంట్లో పెయింటింగ్ పెట్టుకున్నాం. ముగ్గురు మనుషులు, పదిరోజుల పని. లప్పం పెట్టి, అది ఆరాక ఎమరీ కాగితంతో రుద్దుతున్నారు, రుద్దేటప్పుడు ఫ్యాన్ వేస్తే పొడి ఇల్లంతా లేస్తుందని ఆ ఉక్కలోనే పని, కనురెప్పల మీద కూడా తెల్లటి పొడి. పదకొండింటికి మా ఆవిడ టీ పెడితే నేనే తీసుకెళ్లేవాణ్ణి, పేపర్ కప్పుల్లో. నాలుగోరోజు కప్పులు అయిపోయాయి. స్టీలు గ్లాసులు తియ్యాలా వద్దా అని వంటింట్లో నిలబడి ఆలోచించాను చూడండి, అర నిమిషమే, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చివరికి అటక మీంచి సొట్టగ్లాసులు దించాను. ముగ్గురిలో పెద్దాయన టీ తాగి, గ్లాసు తనే కడిగి, బాల్కనీ గోడ మీద బోర్లించాడు. నేను కడగమనలేదు. ఎన్ని ఇళ్లలో ఎంతమంది కడగమంటే ఆ అలవాటు వచ్చిందో!

మన పల్లెల్లో టీకొట్ల దగ్గర దళితులకి వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి నడిచిందని ఇక్కడ పెద్దవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది, 1955లో చట్టమూ వచ్చింది. పేపర్ కప్పు మీద మాత్రం ఎవరూ కేసు పెట్టలేరు, అదే దాని సుఖం. శుభ్రత కోసమండీ అంటారు. సరే, మరి మీ బావమరిది వస్తే పేపర్ కప్పే ఇస్తారా?

ఈ మర్యాద మనకి తెలియక కాదు. సొంతిల్లు కట్టుకునేటప్పుడు ద్వారబంధం నిలబెట్టిన రోజు వడ్రంగికి బట్టలు పెట్టేవాళ్లు. స్లాబ్ రోజు మేస్త్రి నుంచి తట్ట మోసే ఆమె దాకా అందరికీ భోజనం, అందులో మాంసం లేకపోతే ఇంటాయన మాట పడాల్సిందే. ఫ్లాటు కొనుక్కున్నాక కట్టినవాళ్ల మొహం మనం ఎక్కడ చూశాం?

అలాగని మీద పడి తినిపించకండి. చాలామంది బాక్సు తెచ్చుకుంటారు, అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు మన ఇంట్లో తినకపోవచ్చు, రంజాన్ నెలలో పొద్దున్నే టీ తాగమని బలవంతపెడితే అదో ఇబ్బంది. "టీ తాగుతారా, చక్కెర వెయ్యొచ్చా" అని ముందే అడిగితే సరిపోతుంది. మంచినీళ్లు మాత్రం అడిగించుకోకుండా, మనం తాగేవే ఒక బాటిల్లో పోసి అక్కడ పెట్టాలి, కుళాయి చూపించడం కాదు. తినడానికి ఫ్యాన్ కింద కాస్త చోటు చూపించండి. నిన్నటి పులిహోర ఇచ్చి పెట్టామని చెప్పుకోవద్దు, పాతచీర ఇచ్చి కూలీలో తగ్గించడం అయితే నేను కళ్లారా చూశాను.

ఇంక ఎవరూ మాట్లాడనిది బాత్రూమ్. మా టైల్స్ పనికి ఇసుక బస్తాలు మోయడానికి ఒకావిడ వచ్చింది. మధ్యాహ్నం దాకా నీళ్లే ముట్టలేదు. ఎండన పడి మోస్తున్నావు, తాగమ్మా అంటే వద్దు సార్ అంటుంది. మా ఆవిడ విడిగా అడిగితే తెలిసింది, తాగితే ఎక్కడికి వెళ్లాలి అని. మా ఇంట్లో రెండున్నాయి, ఒకటి చూపించాం. మొదటిరోజు పొద్దున్నే చూపించాల్సింది.

కింద వాచ్‌మన్ గది పక్కన పనివాళ్ల కోసమే కట్టిన బాత్రూమ్ ఉంది కదా, దానికి ఏడాదిగా తాళం. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో సెక్రటరీగారు ఇప్పుడు చెప్తే నేను మైకు ఇచ్చేస్తాను.