ఎండిన మడిలో నిలబడితే నీళ్లు రావు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నమస్కారం.

మాది నరసాపురం అవతల, కాలవకి శివారు ఊరు. ధవళేశ్వరంలో వదిలిన నీళ్లు అందరి చేలూ తడిశాకే మా వైపు వచ్చేవి. నారుమడి ఎండుతుంటే మా నాన్న గట్టెక్కి పైకి నడిచేవారు. ఏ తూముకి గుర్రపుడెక్క అడ్డం పడిందో, ఏ లాకు తలుపు దించేశారో చూసేదాకా వెనక్కి వచ్చేవారు కాదు.

పైథాన్ ప్యాకేజీ బిల్డ్, అంటే ఇతరులు రాసిన కోడ్‌ని మీ మెషీన్ మీద నడిచేలా తయారుచేసే పని, ఆగినప్పుడు మీరూ అలా పైకి నడవాలి. "ఫెయిల్డ్ బిల్డింగ్ వీల్" అన్న ఆఖరి లైన్ ఎండిన మడి లాంటిది. దాన్ని ఎంతసేపు చూసినా కారణం తెలియదు. మొట్టమొదటి "ఎర్రర్" అన్న మాట కనబడేదాకా పైకి వెళ్లండి. అక్కడ "పైథాన్ డాట్ హెచ్" దొరకలేదని ఉంటే కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ ఉంది, దానికి కావలసిన పైథాన్ హెడర్ ఫైళ్లు లేవని అర్థం. ఉబుంటు లైనక్స్‌లో పైథాన్3-డెవ్ అనే ప్యాకేజీ వేసుకుంటే సరిపోతుంది. విండోస్ "విజువల్ సీ ప్లస్ ప్లస్ 14.0" అడిగితే మైక్రోసాఫ్ట్ బిల్డ్ టూల్స్ కావాలి.

అసలు బిల్డ్ దాకా ఎందుకొచ్చింది? వీల్ అంటే ముందే కట్టిపెట్టిన ప్యాకేజీ, ఆడించిన బియ్యం లాంటిది. సోర్స్ అంటే రాసిన కోడ్ ఉన్నదున్నట్టు, ధాన్యం లాంటిది. మీ పైథాన్‌కి, మీ మెషీన్‌కి సరిపడే వీల్ లేకపోతే ప్యాకేజీలు తెచ్చిపెట్టే పిప్ ధాన్యం బస్తా తెచ్చి ఇంట్లో దింపుతుంది. మిల్లు, అంటే కంపైలర్, మీ దగ్గరుండాలి. ఏటా అక్టోబరులో కొత్త పైథాన్ వస్తుంది, వీల్స్ అన్నీ ఆ రోజే రావు. 2023లో 3.12 వచ్చినప్పుడు ప్యాకేజీలు కట్టే పాత పనిముట్టు డిస్ట్‌యుటిల్స్‌ని తీసేశారు, దాన్ని నమ్ముకున్న పాత ప్యాకేజీలు ఆగిపోయాయి. ఒక మెట్టు పాత పైథాన్‌తో ప్రయత్నించడం తప్పేమీ కాదు. వీల్ మాత్రమే తెమ్మనే ఓన్లీ-బైనరీ ఆప్షన్ పెడితే వీల్ లేదన్న సంగతి పిప్ ముందే చెప్పేస్తుంది.

ఎక్కువమందిని ఏడిపించేది ఇంకోటి ఉంది. లెక్కల ప్యాకేజీ నంపై వేసుకున్నారు, ఇంపోర్ట్ అవుతోంది, అయినా బిల్డ్‌లో "నంపై అనే మాడ్యూల్ లేదు" అంటుంది. పిప్ బిల్డ్ కోసం విడిగా ఒక ఎన్విరాన్‌మెంట్, వేరే గది లాంటిది, కడుతుంది. ప్యాకేజీతో వచ్చే పైప్రాజెక్ట్ టామల్ ఫైలులో రాసినవే అందులోకి వెళ్తాయి, మీ నంపై అక్కడికి కనబడదు. ప్యాకేజీ రాసినవాళ్లు ఆ పేరు చేర్చడం మరిచిపోయారన్నమాట. కావలసినవన్నీ మీరే వేసుకుని, ఆ విడి గది వద్దని చెప్పే ఆప్షన్ నో-బిల్డ్-ఐసొలేషన్‌తో కట్టండి. వాళ్లకి ఒక ముక్క రాయండి కూడా, తర్వాతివాళ్లకి ఆ బాధ తప్పుతుంది.

"కిల్డ్" అని కంపైలర్ చచ్చిపోతే చాలాసార్లు ర్యామ్ చాలలేదని అర్థం. నాలుగు జీబీ లాప్‌టాప్ మీద ఒకేసారి నడిచే జాబ్‌లు ఒకటికి తగ్గించండి. నెమ్మదిగా అయినా అవుతుంది.

ఇవేవీ తెలియక "ఇది మనవల్ల కాదు" అని కోర్సు వదిలేసిన పిల్లల్ని చూశాను. అడగడానికి పక్కన సీనియర్ లేకపోవడమే వాళ్ల లోటు. అందుకే ఇంత దూరం వచ్చాను.

వెనక బెంచీలో ఉన్న చెల్లెమ్మ పొద్దున చూపించిన ఎర్రర్‌ని ఇప్పుడు తెర మీద పెడుతున్నాను. 340 లైన్లు. ఒకరు గట్టిగా చదవండి, మొదటి లైన్ నుంచి.